పాస్ అని సంతకం పెట్టే చెయ్యి

మందుబిళ్ళ మింగేటప్పుడు డాక్టరు గుర్తొస్తాడు. ఆ మందును పరీక్షించి పాస్ చేసిన క్యూసీ (నాణ్యత పరీక్ష) కెమిస్టు మాత్రం ఎవరికీ గుర్తుకురాడు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ఫార్మా కంపెనీల్లో షిఫ్టుల మీద పనిచేసే ఈ కెమిస్ట్రీ పట్టభద్రుల పనితనం చూసి తీరాలి. మొబైల్ ఫేజ్ అనే ద్రావణం కలిపి, వడగట్టి, అందులోని గాలి తీసేసి, మందులోని పదార్థాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రపు కాలమ్ కుదుటపడేదాకా ఆగుతారు. ముందు పోల్చడానికి స్టాండర్డ్, తర్వాతే పరీక్షించాల్సిన శాంపిల్. తెర మీది గ్రాఫులో పీక్ (శిఖరం) తోక కాస్త సాగినా వాళ్ళ కన్ను పట్టేస్తుంది.

ఆ కన్ను ఎంత సూక్ష్మంగా చూడాలో చెప్పే ఉదాహరణ ఒకటి. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడింది. అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. దానికి నియంత్రణ సంస్థలు పెట్టిన పరిమితి రోజుకు 96 నానోగ్రాములు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు! అంత సూక్ష్మాన్ని పట్టేందుకు మాస్ స్పెక్ట్రోమీటర్ల వాడకం పెరిగింది. వాటిని వాడటం నేర్చినవాళ్ళకు ఉద్యోగాల్లో గిరాకీ ఉంది.

అయితే యంత్రమిచ్చిన అంకెను దిద్దకుండా, దాచకుండా, అప్పటికప్పుడే నమోదు చేసే నిజాయితీ ఏ యంత్రంతోనూ రాదు. సరుకు పంపాలన్న ఒత్తిడి ఎంతున్నా "ఈ బ్యాచ్ వెళ్ళడానికి వీల్లేదు" అనగల కెమిస్టే రోగికి అసలైన భరోసా. అలా అన్నవాళ్ళకు యాజమాన్యాలు అండగా నిలవాలి.