చెక్క గరిటె వచ్చిన ఏడాది

2024 జూన్ 15న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)కు 92,311 మంది వచ్చారు. అది ఫైనల్ కాదు, సెమీఫైనల్ కూడా కాదు. మా రిచ్‌మండ్ జట్టు అప్పటికి ఆ సీజన్‌లో గెలిచింది రెండే మ్యాచ్‌లు. ఆ తర్వాత సీజన్ ముగిసేదాకా ఇంకొక్కటి కూడా గెలవలేదు. అంత జనం వచ్చింది మా ఆటగాడు డస్టిన్ మార్టిన్ మూడు వందలో మ్యాచ్ చూడటానికి. హాథార్న్ చేతిలో ఆ రోజు కూడా ఓడిపోయాం. అయినా ఆట ముగిసిన సైరన్ మోగాక చాలామంది కుర్చీల్లోంచి లేవలేదు. మార్టిన్ మైదానం దాటేవరకు చప్పట్లు ఆగలేదు.

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌ను ఇక్కడ అందరూ ఫుటీ అంటారు. వేసవిలో క్రికెట్ ఆడే కోడిగుడ్డు ఆకారపు మైదానాల్లోనే చలికాలంలో ఇది ఆడతారు. జట్టుకు పద్ధెనిమిది మంది, నాలుగు క్వార్టర్లు. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి వెళితే ఒక్క పాయింటు. బంతిని విసరకూడదు, తన్నాలి లేదా పిడికిలితో కొట్టాలి. మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు ఎంసీజీకి వెళ్లేది ఎక్కువగా భారత జట్టు వచ్చినప్పుడే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అదే మైదానంలో ఏం జరుగుతుందో ఒక్కసారి వచ్చి చూడమని నేను ప్రతి స్నేహితుడికీ చెబుతుంటాను.

నేను రిచ్‌మండ్ అభిమానినైంది 2017లో. ఆ ఏడాది అందరిలాగే నాకూ ఆ పిచ్చి పట్టింది. 1980 తర్వాత 37 ఏళ్లు కప్పు లేని జట్టు అది. ఫైనల్లో అడిలైడ్‌ను 48 పాయింట్ల తేడాతో ఓడించింది. ఆ రాత్రి రిచ్‌మండ్‌లోని స్వాన్ స్ట్రీట్ నిండా మా పసుపు, నలుపు రంగులే. 2019లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ మీద 89 పాయింట్ల గెలుపు. కోవిడ్ వల్ల 2020 ఫైనల్ మొట్టమొదటిసారి విక్టోరియా రాష్ట్రం దాటి బ్రిస్బేన్‌లో, అదీ రాత్రి పూట జరిగింది. మేమంతా ఇళ్లలో బందీలమై టీవీలో చూశాం. జీలాంగ్ మీద 31 పాయింట్ల తేడాతో గెలిచాం. మూడు ఫైనల్స్‌లోనూ ఉత్తమ ఆటగాడి పతకం మార్టిన్‌కే. అంతకుముందు ఆ పతకాన్ని మూడుసార్లు అందుకున్నవాళ్లు ఎవరూ లేరు.

అక్కడి నుంచి 2024 నాటికి ఆఖరి స్థానం. ఇక్కడ ఆఖరున నిలిచిన జట్టుకు చెక్క గరిటె వచ్చిందంటారు. నిజంగా గరిటె ఏదీ ఇవ్వరు, కానీ ఆ పేరు మాత్రం ఏడాదంతా వెంటాడుతుంది.

పైనున్న జట్టు ఇలా ఎందుకు పడిపోతుందో మన పాఠకులకు కాస్త చెప్పాలి. ఐపీఎల్‌లోలాగా ఇక్కడ కొత్త కుర్రాళ్లకు వేలం ఉండదు. 1986 నుంచి డ్రాఫ్ట్ ఉంది. ఆఖరున నిలిచిన జట్టు పద్ధెనిమిదేళ్ల కుర్రాళ్లలో అందరికన్నా ముందు ఎంచుకుంటుంది, కప్పు గెలిచిన జట్టు అందరికన్నా చివర. ఆటగాళ్లకిచ్చే మొత్తం జీతానికి కూడా హద్దు ఉంది. అంటే ఏళ్ల తరబడి గెలుస్తూ ఉన్న జట్టుకు మంచి కుర్రాళ్లు దొరకరు, ఉన్నవాళ్లు ముదురుతుంటారు, వాళ్ల జీతాలు పెరుగుతుంటాయి. పైకెళ్లినవాడు దిగేలా, కిందున్నవాడు ఎక్కేలా లీగ్ కావాలనే పెట్టుకున్న ఏర్పాటు ఇది. నాకు ఈ ఏర్పాటు ఇష్టం. దీనివల్లే మా జట్టు పడిపోయినా, నా మాట ఇదే. డబ్బున్న నాలుగు జట్లే ఎప్పుడూ గెలిచే లీగ్‌ను చూడటానికి నేను చలిలో రెండు గంటలు కూర్చోను.

పతనం ఒక్కసారిగా రాలేదు. 2022లో బ్రిస్బేన్ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడి నాకౌట్ పోటీల నుంచి బయటకు వచ్చాం. 2010 నుంచి కోచ్‌గా ఉన్న డేమియన్ హార్డ్‌విక్ 2023 మే నెలలో తప్పుకున్నాడు, తర్వాత గోల్డ్ కోస్ట్‌కు వెళ్లాడు. ఆ ఏడాదే ట్రెంట్ కాచిన్, జాక్ రీవోల్ట్ రిటైరయ్యారు. మరుసటి ఏడాది మార్టిన్, డిలన్ గ్రైమ్స్. ఆపైన కప్పులు గెలిచిన వాళ్లలోనే నలుగురు వేరే జట్లకు వెళ్లిపోయారు. డేనియల్ రియోలీ గోల్డ్ కోస్ట్‌కు, షై బోల్టన్ ఫ్రీమాంటిల్‌కు, లియామ్ బేకర్, జాక్ గ్రాహం వెస్ట్ కోస్ట్‌కు. 2024 నవంబరు డ్రాఫ్ట్‌లో, వాళ్లకు బదులుగా దక్కిన పిలుపులతో కలిపి, తొలి రౌండ్‌లోనే ఆరుగురు కుర్రాళ్లు మాకు వచ్చారు. అందరికన్నా ముందు పిలిచిన పేరు శామ్ లేలోర్.

గెలుపు రోజుల్లో స్టాండ్‌లో కూర్చోవడానికి ఏ నేర్పూ అక్కర్లేదు. ఆట మనల్ని లాక్కుపోతుంది. ఓడిపోయే జట్టును చూడటం మాత్రం నేర్చుకోవాల్సిన పనే. అది నాకు నేర్పింది నా పక్క సీటులో కూర్చునే ఒక పెద్దావిడ, రిటైరైన టీచర్. 1980 కప్పు చూసింది. 1990లో క్లబ్బు అప్పుల్లో మునిగి మూతబడే స్థితికి వచ్చినప్పుడు పది లక్షల డాలర్ల కోసం సాగిన చందాల ఉద్యమంలో డబ్బా పట్టుకుని తిరిగింది. 1987, 1989, 2004, 2007 చెక్క గరిటెలన్నీ చూసింది. మూడో క్వార్టర్‌లోనే అరవై పాయింట్లు వెనకబడ్డ ఒక ఆదివారం నేను స్కోరుబోర్డు వైపు చూస్తుంటే ఆవిడ అంది: "అటు చూడకు. ఒక కుర్రాణ్ణి ఎంచుకో. పది నిమిషాలు అతన్నే చూడు, బంతి ఎక్కడున్నా సరే."

అప్పటి నుంచి అలాగే చూస్తున్నాను. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఇంట్లో ఇది కుదరదు. సుమారు 160 మీటర్ల పొడవున్న మైదానం మొత్తం మన కళ్ల ముందు ఉండాలి. బంతి అటు చివర ఉన్నప్పుడు ఇటున్న కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడు? తను కాపాడాల్సినవాడికీ గోల్‌కూ మధ్యలో ఉన్నాడా, లేక బంతిని చూస్తూ వాణ్ణి మరిచిపోయాడా? జట్టు చేతికి బంతి రాగానే ఖాళీ చోటుకు పరుగెత్తాడా? బంతి తనకు రాకపోతే మళ్లీ పరుగెత్తాడా? ఈ చివరి ప్రశ్నే అసలైనది. నాలుగు సార్లు వృథాగా పరుగెత్తి, అయిదోసారి బంతి అందుకుని, దాన్ని తప్పు చోటికి తన్నే కుర్రాణ్ణి స్కోరుబోర్డు మీద ఎవరూ చూడరు. నేను చూస్తాను. ఆ నాలుగు పరుగులూ నాకు ఆ రోజు దక్కిన లాభం.

ఇంకా ఉన్నాయి. కిందపడ్డవాడు లేవడానికి ఎంతసేపు తీసుకుంటున్నాడో చూస్తాను. ట్యాకిల్ తప్పిపోయాక వెంటపడుతున్నాడా, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతున్నాడా అని చూస్తాను. తోటివాడు గోల్ తన్నితే ముందుగా ఎవరు పరుగెత్తుకుంటూ వస్తున్నారో చూస్తాను. ఓడిపోతున్న మ్యాచ్‌లో కూడా ఒక్క క్వార్టర్ గెలవడం ఉంటుంది. మ్యాచ్ పోయినా ఆ క్వార్టర్ మాదే అని రైల్లో చెప్పుకుంటాం.

ఇలా చూశాక 2017 జట్టు నాకు కొత్తగా అర్థమైంది. ఆ ఏడాది ముందు వరుసలో పొడుగరి రీవోల్ట్ ఒక్కడే. చుట్టూ పొట్టిగా, చురుగ్గా ఉండే కుర్రాళ్లు. గాల్లో వచ్చిన ప్రతి బంతినీ రీవోల్టే పట్టుకోవాలని ఎవరూ ఆశించలేదు. అది నేల మీద పడితే చాలు, ఈ పొట్టివాళ్లు ఎగబడేవాళ్లు. అవతలి డిఫెండర్‌కు బంతి దొరికినా ఊపిరి తీసుకునే వీల్లేకుండా మీదపడేవాళ్లు. కంగారులో వాడు వదిలేసిన బంతి మళ్లీ మా చేతికి. మార్టిన్ గోల్స్ అందరికీ గుర్తున్నాయి. వాటి వెనక కొలతకందని ఎన్ని వెంబడింపులున్నాయో నాకు చెక్క గరిటె ఏడాదిలోనే కనిపించింది. అందుకే ఇప్పుడు కోచ్ ఆడెమ్ యేజ్ జట్టులో నేను వెతికేది నైపుణ్యం కాదు, ఆ ఎగబడటమే. కాలి నేర్పు రావడానికి ఏళ్లు పడుతుంది. వెంటపడటం పందొమ్మిదేళ్లకే చేతనవుతుంది.

స్టాండ్‌లో కొందరు అనే మాట ఒకటుంది. ఎలాగూ ఓడిపోతున్నాం, పూర్తిగా ఓడిపోతే మంచిది, డ్రాఫ్ట్‌లో మొదటి పిలుపు మనకే వస్తుంది అని. లెక్క ప్రకారం వాళ్లది సరైన మాటే. లేలోర్ మాకు వచ్చింది ఆఖరున నిలిచినందుకే. కానీ ఈ మాట నాకు మింగుడుపడదు. క్లబ్బు ఆఫీసులో కూర్చుని లెక్కలు వేసేవాళ్లు అలా ఆలోచించవచ్చు, అది వాళ్ల ఉద్యోగం. మైదానంలో ఆ పద్ధెనిమిది మందీ ఎముకలు విరిగేలా పరుగెత్తుతుంటే, కంచె ఇవతల కూర్చుని వాళ్లు ఓడాలని కోరుకోవడం నా వల్ల కాదు. అలా కోరుకునేవాడు ఆ రోజు అక్కడికి వచ్చిన పనేమిటో నాకు అర్థం కాదు. 2024లో ఆ సీజన్ ఫైనల్ దాకా వెళ్లిన సిడ్నీని మేం ఎంసీజీలో ఓడించాం. డ్రాఫ్ట్ లెక్కలో అది నష్టం. ఆ మధ్యాహ్నం మేం పాడిన పాటను ఏ లెక్క కోసమూ నేను వదులుకోను.

2025 మొదటి మ్యాచ్ కార్ల్‌టన్‌తో, గురువారం రాత్రి. మా వైపు మొదటిసారి ఆడుతున్న కుర్రాళ్లలో లేలోర్ ఉన్నాడు. ఒక దశలో 41 పాయింట్లు వెనకబడ్డాం. ఇక అలవాటైన పనే కదా అని ఒక కుర్రాణ్ణి ఎంచుకుని చూస్తున్నాను. మూడో క్వార్టర్ నుంచి ఏదో మారింది. కార్ల్‌టన్ డిఫెండర్లు బంతిని తొందరపడి తన్నడం మొదలుపెట్టారు, అంటే మా పిల్లలు మీదపడుతున్నారు. 13 పాయింట్లతో గెలిచాం. క్లబ్బు పాటలో రంగుల పేర్లు వచ్చే చోట స్టాండ్ అంతా గొంతు చించుకుంది. పెద్దావిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ సీజన్‌లో ఆ తర్వాత మళ్లీ ఎక్కువగా ఓటములే, మొత్తం అయిదు గెలుపులతో పదిహేడో స్థానం. ఆ రాత్రి చూసిందాన్ని అవేమీ చెరపలేదు.

2018లో ఈ క్లబ్బు సభ్యత్వాలు లక్ష దాటాయి. కప్పులొచ్చినప్పుడు చేరినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మాలాంటి వాళ్లం ఇప్పుడు చేయాల్సిన పని చిన్నది. ఏటా డబ్బు కట్టి, ఏ వారం ఆట ఉంటే ఆ వారం వెళ్లి, సైరన్ దాకా ఉండటం. 1990లో చందా డబ్బాలు మోసినవాళ్లు చేసినదాంతో పోలిస్తే ఇది ఎంత?

ఒక్క విషయంలో మాత్రం నా పక్కవాళ్లతో గొడవ పడుతుంటాను. వెళ్లిపోయిన నలుగురూ వేరే రంగులు తొడుక్కుని మా మీద ఆడినప్పుడు, వాళ్లు బంతి ముట్టుకోగానే కొందరు బూ అంటారు. అది తప్పు. రియోలీ మూడు కప్పుల ఆటగాడు. బేకర్, బోల్టన్, గ్రాహం తలా రెండు. వాళ్లు వెళ్లడం వల్ల వచ్చిన పిలుపులతోనే ఈ కుర్రాళ్లు మా జట్టులో ఉన్నారు. బోల్టన్ మా మీద గోల్ తన్నితే నేను తల పట్టుకుంటాను, అతనికి వ్యతిరేకంగా అరుస్తాను, మా డిఫెండర్ అతన్ని గట్టిగా పడేయాలని కోరుకుంటాను. ఆట ముగిశాక అతను మా స్టాండ్ వైపు వస్తే లేచి నిలబడి చప్పట్లు కొడతాను. కిందటిసారి నా వరసలో నాతో పాటు లేచినవాళ్లు కొద్దిమందే. వచ్చే సీజన్‌లో ఇంకొంతమందిని లేపాలి.