చెక్క మేడ నేల: చిత్రిక పట్టాలా, పలక మార్చాలా?

గోదావరి డెల్టాలోని పాత మండువా లోగిళ్లలో, అంటే నడిమి భాగాన్ని ఆకాశానికి తెరిచి ఉంచి నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలేలా కట్టిన ఇళ్లలో, కింద గచ్చు చేసినా అటకకూ మేడ గదికీ దూలాల మీద చెక్క పలకలు పరచడం వాడుక. భద్రాచలం, రేకపల్లి అడవుల టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీదుగా రాజమహేంద్రవరానికి దించేవారు కనుక, డెల్టా పల్లెలకు మంచి కలప నదీమార్గానే అందింది. ఇటువంటి నేల దెబ్బతిన్నప్పుడు పైపొర తీసి మెరుగు పెట్టించాలా, పలకలనే మార్చాలా అన్న ప్రశ్నకు సమాధానం ఆ దెబ్బ ఎంత లోతుకు దిగిందన్న పరిశీలనలో దొరుకుతుంది.

కలప మన్నికకు మూలం చేవ, అనగా చెట్టు నడిమి భాగంలో ముదిరి గట్టిపడిన కర్ర. టేకు చేవలో సహజంగా ఉండే నూనెలూ, టెక్టోక్వినోన్ అనే పదార్థమూ చెదలను దూరంగా ఉంచుతాయి గానీ, దాని చుట్టూ ఉండే పాలిపోయిన మెత్తని కర్రకు ఆ రక్షణ లేదు. అందువల్ల పుప్పి పురుగు ముందుగా పలక అంచున మిగిలిన తెల్లకర్రనే తొలుస్తుంది. తాటి దూలాల సంగతి ఇందుకు విరుద్ధం: తాడికి గట్టిదనమంతా వెలుపలి వలయంలోనే ఉండి లోపల మెత్తగా ఉంటుంది కనుక, దూలం పైభాగం చెడితే బలం చాలావరకు పోయినట్టే.

అనుభవం గల వడ్రంగి ముందుగా సుత్తి పిడితో పలక వెంట తట్టుకుంటూ పోయి, ఖంగుమనే చోటునూ బోలుగా పలికే చోటునూ వేరు చేసి, బోలుగా పలికిన చోట దబ్బనం గుచ్చి చూస్తాడు. మొన పైపైనే ఆగితే ఆ పలక చిత్రికకు పనికివస్తుంది; వెన్నలో దిగినట్టు దిగితే దాన్ని తీయక తప్పదు. గోడలోకి చొప్పించిన దూలపు కొనను తప్పనిసరిగా చూడాలి, ఎందుకంటే గోడ చెమ్మ అక్కడే చేరి, పైకి ఏమీ తెలియకుండానే కర్ర కుళ్లుతుంది.

వరద ముంపుకు లోనైన చెక్క విషయంలో తొందర పనికిరాదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరినటువంటి గోదావరి వరదలు ఇళ్లను ముంచినప్పుడు తడిసిన పలకలు, అడుగు భాగం ఎక్కువ నీరు పీల్చడం వల్ల అంచులు పైకి లేచి దోనెలా వంగుతాయి. ఆ స్థితిలోనే అంచులను చెక్కి చదును చేస్తే, ఆరిన తరువాత నడిమి భాగం ఉబ్బి నేల మళ్లీ ఎగుడుదిగుడు అవుతుంది. అందుచేత సందుల్లోని ఒండ్రును కడిగి, తలుపులు తెరిచి, ఎండ నేరుగా తగలకుండా వారాల తరబడి గాలికి ఆరనివ్వాలి. కలపలో తేమ 20 శాతం కంటే తగ్గితే కుళ్లు పుట్టించే బూజు పెరగలేదు.

మెరుగు పని వరుస ఇలా సాగుతుంది: పైకి లేచిన మేకుల తలలను లోపలికి దింపి, చిత్రికతో గానీ యంత్రంతో గానీ పైపొర తీసి, ముతక ఉప్పుకాగితం నుంచి సన్నదానికి క్రమంగా మారుతూ కర్ర నార వెంబడే రుద్దుతారు. పురుగు జాడ ఉన్నచోట రంగూ నూనె లేని ఒట్టి కర్రకు వెలిగారం ద్రావణం పట్టించి, ఆరిన తరువాత అవిసె నూనె గానీ, స్పిరిట్‌లో లక్క కరిగించి చేసిన పాలిష్ గానీ, వార్నిష్ గానీ పూస్తారు. లక్క మెరుపు అందమైనదే గానీ నీటి చుక్క పడితే తెల్లని మచ్చ కడుతుంది. అవిసె నూనె పీల్చిన గుడ్డలను కుప్పగా వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు కనుక, విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. అంగుళం మందపు పలక ఇటువంటి పనిని ఎన్నో మార్లు తట్టుకోగలదు. నేటి అపార్టుమెంట్లలో పరిచే ఇంజనీర్డ్ వుడ్‌కు పైన ఉండేది కొద్ది మిల్లీమీటర్ల అసలు కర్రే కనుక ఒకటి రెండు మార్లకు మించి సాధ్యం కాదు, లామినేట్‌కు అసలే కుదరదు.

మార్చవలసి వచ్చినప్పుడు కూడా నేలంతా పీకనక్కరలేదు. చెడిన భాగాన్ని కింది దూలం నడిమి వరకు కోసి, అదే జాతి కర్రను, బాగా ఆరినదాన్ని, నార దిశ కలిసేలా అతికితే సరిపోతుంది. చారిత్రక దారు కట్టడాల పరిరక్షణకై ఐకొమాస్ సంస్థ 1999లో ఆమోదించిన సూత్రాలు కూడా వీలైనంత తక్కువ మార్పునూ, అదే జాతి కలప వాడకాన్నీ కోరాయి. కూల్చిన పాత ఇళ్ల టేకు అమ్మకానికి దొరికినచోట అతుకులకు అదే తగినది, ఎందుకంటే ఏనాడో ఆరిన ఆ కర్ర కొత్త కర్రలా కుంచించుకుపోదు. దూలాలే సత్తువ కోల్పోయినా, సగానికి పైగా పలకలు దబ్బనానికి లొంగినా పూర్తి మార్పిడే వివేకం. అప్పుడైనా గట్టి పలకలను విడిగా తీసి దాచితే ఒక గదికి సరిపడా మిగలవచ్చు.

ఏ మార్గం ఎంచుకున్నా మొదటి ఖర్చు పై కప్పు మీద పెట్టాలి. పగిలిన పెంకు మార్చి, గోడ చెమ్మకు కారణం కనిపెట్టి, చెదల మట్టి బాటలను మూలానికంటా తొలగించిన తరువాతే వడ్రంగిని పిలవాలి. కారే కప్పు కింద పాత పలకకు పెట్టిన మెరుగూ నిలవదు, కొత్త పలకకు పెట్టిన డబ్బూ దక్కదు.