అద్భుతగాథలకు అనధికార కరదీపికలు: ఒక పరిశీలనము

ఒక కథ వేల పుటలకు విస్తరించి, అందలి వ్యక్తులు వందలకు మించినపుడు, పాఠకునకు మూలముతోపాటు మఱియొక పుస్తకము అవసరమగును. పురాణములందలి ఋషులు, రాజులు మున్నగువారి పేళ్లను అకారాదిగా కూర్చి యెనమండ్రము వెంకటరామయ్యగారు రచించిన ‘పురాణనామ చంద్రిక’ తెలుగువారికి ఇట్టి ఉపకారమునే చేసినది. ఐతే పురాణకథలు నా సొత్తని వ్యాజ్యెమాడువారెవరును లేరు. గ్రంథకర్త జీవించియుండగా, అనుమతి పొందక, ఆతని కల్పనాలోకమునకు అభిమానులు కూర్చు కరదీపికల సంగతి వేరు. అవి విద్వత్సేవయా, లేక పరుల సొమ్ముతో చేయు వర్తకమా అను ప్రశ్న ఇంగ్లీషు అద్భుతగాథల విషయమున న్యాయస్థానము వఱకును పోయినది.

ఈ తరగతి గ్రంథములలో మేలుబంతి రాబర్టు ఫాస్టరు కూర్చిన మధ్యభూమి మార్గదర్శి. 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన టోల్కీను మహాగాథ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ లోని వ్యక్తుల, స్థలముల, వంశముల పేళ్లకు అది నిఘంటువు. 1971లో పుస్తకరూపము దాల్చి, ‘సిల్మరిలియన్’ లోని విషయమును కూడ చేర్చుకొని 1978లో సమగ్రమైనది. గ్రంథకర్త కుమారుడును, ఆతని వ్రాతలకు సంపాదకుడును ఐన క్రిస్టఫరు టోల్కీనే దీనిని తఱచుగా సంప్రదించితినని ప్రశంసించుట దాని ప్రామాణ్యమునకు నిదర్శనము. ఫాస్టరు తన ఊహను మూలముతో కలుపడు. ఏ సంగతి ఎచ్చట నున్నదో చూపి తాను తప్పుకొనును. దీనికి భిన్నముగా 1979లో వెలువడిన డేవిడ్ డే గారి టోల్కీను జంతుకోశము చిత్రములతో మనోహరమైనదే కాని, సంకలనకర్త కల్పనలు మూలకర్త మాటలతో అందు కలిసిపోయినవని టోల్కీను పాఠకులు ఆక్షేపించిరి. బొమ్మల సొగసు ఈ లోపమును కప్పజాలదు.

1997 మొదలు 2007 వఱకు ఏడు నవలలుగా సాగిన జె. కె. రౌలింగు గారి ‘హ్యారీ పాటర్’ గాథతో ఇట్టి కరదీపికలు వెల్లువలెత్తినవి. వానిని మూడు తెగలుగా చూడవచ్చును. మొదటి తెగ మూలాన్వేషణము. 2001 నాటి డేవిడ్ కోల్బర్టు గ్రంథము ఈ తెగలోనిది. సంగీతము వినగానే నిద్రించు మూడుతలల కుక్క గ్రీకుల పాతాళద్వారమున కావలియుండు సెర్బెరస్ అనియు, పరుసవేది నిర్మించిన నికొలాస్ ఫ్లామెల్ పారిసు నగరమున నిజముగా జీవించిన లేఖకుడనియు తెలిసికొన్న బాలునకు ఒక నవల నుండి పది గ్రంథములకు దారి తెఱచుకొనును. ఐనను ప్రతి పేరునకును పురాణమూలము చూపవలెనను ఆత్రము గలచోట ఈ పద్ధతి బలహీనమగును. ధ్వనిసామ్యము ఒక్కటియే సాక్ష్యము కానేరదు.

రెండవ తెగ భవిష్యదూహలది. చివరి నవలలో ఎవరు మరణింతురు, ఎవరు బ్రతుకుదురు అని తర్కించుచు 2006లో ఒక అభిమానుల బృందము వెలువరించిన పుస్తకమునకు 2007 జూలై 21వ తేదీన, అనగా ఏడవ నవల వెలువడిన దినముననే, ఆయువు తీరినది. ఇట్టి పుస్తకములను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. రచయిత్రి విడిచిన చిన్న సూచనను గుర్తించి, నాలుగు వందల పుటల వెనుకకు పోయి సరిచూచుకొను అలవాటును ఇవి పిల్లలకు నేర్పినవి. ఆ అలవాటే విమర్శకు బీజము.

మూడవ తెగ నిఘంటువులు. వివాదము పుట్టినది ఇచ్చటనే. గ్రంథాలయోద్యోగియైన స్టీవ్ వాండర్ ఆర్కు 2000వ సంవత్సరమున అంతర్జాలమున ‘లెక్సికన్’ అను విషయసూచికను ఆరంభించెను. 2004లో రౌలింగు దానికి పురస్కారమిచ్చి, తానును దానిని చూచుచుందునని మెచ్చుకొనెను. కాని మిషిగను రాష్ట్రమునందలి ఆర్.డి.ఆర్. బుక్స్ సంస్థ దానిని పుస్తకముగా అచ్చువేయబూనగానే, రౌలింగును, చలనచిత్ర నిర్మాతలైన వార్నర్ బ్రదర్సును 2007 అక్టోబరు 31వ తేదీన న్యూయార్కు న్యాయస్థానమున దావా వేసిరి. తాను స్వయముగా ఒక విజ్ఞానకోశము వ్రాసి, రాబడిని ధర్మకార్యములకు ఇయ్యదలచితినని రౌలింగు వాదించెను.

2008 సెప్టెంబరు 8వ తేదీ తీర్పు ఉభయపక్షములకును పాఠము. కల్పనాగాథకు సూచికా గ్రంథము వ్రాయు హక్కు గ్రంథకర్త ఒక్కరికే చెందదని న్యాయమూర్తి రాబర్టు ప్యాటర్సన్ స్పష్టపఱచెను. ఐనను లెక్సికన్ మూలమందలి విశిష్ట వాక్యములను అవసరమునకు మించి గ్రహించినదని, రౌలింగు 2001లో స్వయముగా వ్రాసిన రెండు చిన్న అనుబంధ గ్రంథములను మఱింత ఎక్కువగా వాడుకొన్నదని తేల్చి, ప్రకటనను నిషేధించి, 6,750 డాలర్ల పరిహారము విధించెను. పిమ్మట సంకలనకర్త వ్యాఖ్యను పెంచి, ఉద్ధరణములను తగ్గించి, గ్రంథమును సవరించెను. అది 2009 జనవరిలో వెలువడినది. నిషేధింపబడిన ప్రతి కంటె సవరించిన ప్రతియే సంకలనకర్త స్వకీయ కృషికి ఎక్కువ తావిచ్చినదగుట గమనింపదగినది.

కావున అనధికారమను మాటయే దోషము కాదు. అనుమతి పొందిన గ్రంథము పొగడ్తకు లోబడవచ్చును. అనుమతి లేని గ్రంథమునకు తప్పును తప్పని చెప్పు స్వేచ్ఛ కలదు. ఏది మూలము, ఏది తన ఊహ అని వేఱుగా చూపుట, సొంత శ్రమతో క్రమము కల్పించుట, పాఠకుని తిరిగి మూలమునకే పంపుట అను మూడు గుణములే దాని విలువకు కొలతలు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి పన్నెండు భాగముల ‘కాశీమజిలీ కథలు’ వంటి తెలుగు అద్భుతగాథలకు ఇట్టి కరదీపిక కూర్చ సంకల్పించువారికి నేడు హక్కుల చిక్కు లేదు. మజిలీకొక కథగా, కథలో కథగా సాగు ఆ గ్రంథమున దారి తప్పని పాఠకుడు అరుదు. అట్టివానికి ఫాస్టరు నిగ్రహమును, వాండర్ ఆర్కు పొరపాటును, రెండును దారి చూపగలవు.