శిరస్సు – శరీరము – సంఘము
(శ్రీ రవీందర్ రెడ్డిగారి శిల్పప్రదర్శనముపై ఒక పరిశీలనము)

2022వ సంవత్సరమున కోల్‌కతానగరమందలి ఎమామి ఆర్ట్ కళామందిరమున శ్రీ జి. రవీందర్ రెడ్డిగారి ఏకవ్యక్తి శిల్పప్రదర్శనము జరిగినది. దానికి ‘హెడ్స్ అండ్ బాడీస్, ఐకన్స్ అండ్ ఐడల్స్’ అని పేరు. శిరస్సులు, దేహములు, ప్రతీకలు, అర్చామూర్తులు అని తెలుగున చెప్పుకొనవచ్చును. ఈ నాలుగు మాటల నడుమ సంబంధ మెట్టిది? రెడ్డిగారు మలచిన మహాశిరస్సులు దేవతలవా, మనుష్యస్త్రీలవా? దేహమును విడిచి శిరస్సును మాత్రమే గ్రహించుటవలన సంఘమును గూర్చి తేలుచున్న దేమి? ఈ ప్రశ్నలు శిల్పవిద్యార్థులకే గాక సాహిత్యవిద్యార్థులకును విచారణీయములని మా అభిప్రాయము. స్త్రీదేహమును ఎట్లు చూడవలెనో, ఎచ్చట మొదలిడి చూడవలెనో మనకు నేర్పినవి కావ్యములే గదా.

రెడ్డిగారు 1956లో సూర్యాపేటలో జన్మించిరి. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున శిల్పము నభ్యసించి, తరువాత లండనునగరమున గోల్డ్‌స్మిత్స్ కళాశాలయందును, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ నందును చదివిరి. పిమ్మట విశాఖపట్టణమున స్థిరపడి ఆంధ్ర విశ్వవిద్యాలయమున శిల్పకళ బోధించిరి. మట్టితో రూపము దిద్ది, దానికి అచ్చుతీసి, ఆ అచ్చులో పాలియెస్టర్ రెజినుతో ఫైబర్‌గ్లాసును పరచి మూర్తిని నిర్మించుట వారి పద్ధతి. పైపూతగా మెరయు రంగు గాని, బంగారురేకు గాని ఉండును. కొన్ని శిరస్సులు మనిషి నిలువెత్తును మించును. చూపునకు కొండవలె నుండును, లోపల బోలు.

ఆ ముఖములు చూచినవారు మరచిపోవుట కష్టము. తెల్లని కనుగ్రుడ్ల నడుమ నల్లని పాపలు రెప్పపాటు లేక ఎదుట నిలిచిన వానినే చూచుచున్నట్లుండును. నిండైన పెదవులు ఎఱ్ఱగా మెరయును. నవ్వు లేదు, కోపము లేదు, సిగ్గు లేదు. ముఖమున ఏ భావమును నిలుపకపోవుటచే చూపు ఒక్కటియే మిగిలినది.

ఈ కన్నులను, ఈ బంగారమును చూచి ఇవి దేవీమూర్తులని పలువురు తలతురు. అట్లు తలచుటకు ఆధారము లేకపోలేదు. మన గ్రామదేవతల ముఖములలోను కన్నులే ప్రధానములు. విగ్రహప్రతిష్ఠలో నేత్రోన్మీలనము జరిగినపిమ్మటనే శిల మూర్తియగునని ఆగమసంప్రదాయము. కాని పోలికను చూపినంతమాత్రమున విమర్శ ముగియదు. దేవత యనగానే చేతులు జోడించి, చూచుట మానివేయు అలవాటు మనకున్నది. ఈ శిరస్సులను దేవతలుగా గ్రహించినచో అవి ఎవరివో అడుగవలసిన పనియే యుండదు.

ఇచ్చట కవిసమయ మొకటి స్మరణీయము. దేవతలను పాదములు మొదలుకొని శిరస్సువరకును, మనుష్యులను శిరస్సు మొదలుకొని పాదములవరకును వర్ణింపవలెనని పెద్దల మాట. భక్తుని చూపు మొదట పాదములపై వ్రాలును. తోడిమనుష్యుని చూపు ముఖముపై వ్రాలును. రెడ్డిగారి శిరస్సులకు పాదములే లేవు. మ్రొక్కవచ్చినవానికి మ్రొక్కుచోటు చూపక, అవి ముఖమునకు ముఖ మెదురుగా నిలుచును. శిల్పి ఈ సమయమును ఉద్దేశించి చేసిరని మేము చెప్పుటలేదు. చూపు నడచు త్రోవనుబట్టి ఇవి మనుష్యస్త్రీల ముఖములని మాత్రము చెప్పుచున్నాము.

ప్రబంధనాయిక వర్ణనముతో పోల్చినచో మరియొక భేదము గోచరించును. అచ్చట కవి ఒక్కొక్క అవయవమునకు ఒక్కొక్క ఉపమానమును కూర్చును. కన్నులు కలువలగును, మీనములగును; అవి చూచుచున్నవను మాట మనకు తట్టదు. నాయిక దేహమంతయు చూడబడుటకే యున్నది. ఇచ్చట దేహము తొలగినది, చూచు పని ఆమెకు దక్కినది. ప్రేక్షకుడు తానే పరీక్షింపబడుచున్నట్లు తలవంచుకొనును. అతిశయోక్తి రెండుచోట్లను కలదు. ప్రబంధమున అది చూచువాని ఆనందమునకై యుండగా, ఈ శిల్పమున చూడబడుదాని అధికారమునకై యున్నది.

ఈ మూర్తుల వెనుకవైపునకు పోవుటయు అవసరము. గర్భగుడిలోని దేవుని వీపు మనము చూడము. ఈ శిరస్సుల చుట్టును తిరిగిననే గాని కొప్పు కనబడదు. ముడిచిన తీరు, తురిమిన పూలు, అన్నియు శ్రద్ధగా మలచినవి. ముఖము సంఘమునకు అతీతమైనట్లు నిశ్చలముగా నుండగా, కొప్పు మాత్రము ఊరిని, ఉదయమున అద్దమునొద్ద గడచిన కాలమును చెప్పుచున్నది. 1997 నాటి శిల్పమొకదానికి ‘కృష్ణవేణి’ అని పేరు. అది నదిపేరు, నల్లని జడ గలదియని అర్థము, మన ఇరుగుపొరుగున వినబడు ఆడుపేరు. మూడర్థములును ఆ శిరస్సున కన్వయించును.

శిరస్సు మాత్రమే పూజలందుకొను దేవతలు మనకు లేరాయని ఆక్షేపింపవచ్చును. ఉన్నారు. ఆ కథయే మా వాదమునకు బలము. పరశురాముడు తండ్రియాజ్ఞచే తల్లి రేణుక తల నరికెననుట పురాణము. జానపదుల కథలో ఆమెతోపాటు అంటరానిదని త్రోయబడిన కులపు స్త్రీ తలయు తెగినది. తిరిగి బ్రతికించునపుడు తలలు తారుమారైనవి. పాఠభేదములు పెక్కు. ఎల్లమ్మ, మారెమ్మల పుట్టుక నీ కథతో ముడివెట్టుదురు. వేలూరు జిల్లాలోని గుడియాత్తమున గంగమ్మ శిరస్సును ఊరేగించి గుడిలోని మొండెమునకు కూర్చు ఉత్సవము నేటికిని జరుగుచున్నది. ఈ కథలో సంఘనీతి దాగియున్నది. గౌరవము తలకు వచ్చినది. చాకిరియు మైలయు మొండెమునకు మిగిలినవి. పైకులపు తల అతికినందున క్రిందికులపు దేహము పూజ్యమైనది గాని, ఆ దేహము గల స్త్రీ తన ముఖముతో పూజ్య కాలేదు.

రెడ్డిగారి శిల్పము ఈ లెక్కను త్రిప్పివేసినది. నల్లని మేనిఛాయ, వెడల్పైన ముక్కు, నిండైన పెదవి గల సామాన్యస్త్రీ ముఖమును వారు గ్రహించిరి. మన సినిమాలును, ప్రకటనలును ఆ ముఖమును ప్రక్కకు నెట్టినవి. దానికి మరియొకరి తలతో పనిలేకుండ, దాని పోలికలతోనే మహాప్రమాణ మిచ్చుట వారి శిల్పమున ముఖ్యగుణము.

దోషములు లేవని మేమనము. అనేక శిరస్సులను ఒక్కచోట చూచినపుడు ముఖములన్నియు ఒక్క పోతలోనివి కావచ్చునను శంక కలుగును. పేర్లు మారును, రంగులు మారును. వయస్సు, అలసట, ముడుత కానరావు. నిలిచియు కూర్చుండియు ఉన్న వారి నగ్నస్త్రీమూర్తులలో దేహము యక్షిణీవిగ్రహముల పుష్టిని తలపించునే గాని పనిచేసిన దేహముగ కనబడుట అరుదు. బంగారుపూతయు రెండంచుల కత్తి. అది సామాన్యస్త్రీకి గౌరవమును తెచ్చినది. ధనికుల ముంగిట అలంకారమగు యోగ్యతను గూడ తెచ్చినది. 2001లో పిట్స్‌బర్గులోని ఆండీ వార్హోల్ మ్యూజియమున వారి ప్రదర్శనము జరిగినది. అంగడివస్తువుల మెరుపును కళలోనికి తెచ్చిన వార్హోలు పేరిటి ఆ మందిరమున ఈ మెరుపు చక్కగా ఒదిగియుండును. అంత చక్కగా ఒదుగుటయే మాకు చింతనీయముగ తోచుచున్నది.

ఈ చింతకు సమాధానము సయితము శిల్పిరచనలలోనే లభించుచున్నది. ‘మైగ్రెంట్’, అనగా వలసపోవు స్త్రీ, అను శిల్పమున శిరస్సుపై సామానులమూట యున్నది. కొప్పులోని పూలకు మారుగా ఇల్లు విడిచినవారి బరువు తలకెక్కినది. ఇచ్చట మొండెము లేకున్నను దేహము మనకు స్ఫురించును. బరువు మోయు తలకు మెడ, వెన్ను, కాళ్లు ఉండియే తీరవలెను గదా. పూర్ణవిగ్రహములలో మేము వెదకి కానలేని శ్రమ ఈ ఖండవిగ్రహమున కనబడినది. కన్నులు పూర్వమువలెనే తెరచియున్నవి. కాని ఇప్పుడవి చూపరిని దాటి, పోవలసిన దారిని గూడ చూచుచున్నట్లు తోచును.

కావున ‘కృష్ణవేణి’ మొదలైన శిరస్సులకన్న ఈ శిల్పమునే మేము ఉత్తమముగ పరిగణించుచున్నాము. మొదటివి సామాన్యస్త్రీకి ముఖము నిచ్చినవి. ఇది ఆ ముఖమునకు ఆమె బ్రతుకును జతచేసినది. ప్రబంధములలోని అంగవర్ణనములను, జానపదుల ఎల్లమ్మకథలను, ఆధునిక శిల్పములను ఒక్కచోట నుంచి పరిశీలింపదలచిన పరిశోధకునకు విస్తారమైన క్షేత్రము గలదు. కొప్పులకు, ముడులకు, పూలు తురుము రీతులకు మండలమండలమున వాడుకలోనున్న పేర్లను సేకరించుటతో ఆ పని నారంభింపవచ్చును.