కథ ఎవరిది, ముద్ర ఎవరిది?

పిల్లల సినిమాలను విమర్శించే అలవాటు మనకు తక్కువ. "బొమ్మలే కదా" అని వదిలేస్తాం. కానీ పెద్దల సినిమా రెండు గంటల్లో అయిపోతుంది. పిల్లల సినిమా అలా అయిపోదు. బడిసంచి మీద, చొక్కా మీద, ఫోన్‌లో వెంట తిరుగుతూనే ఉంటుంది. అడవిలో బతికేవాళ్లు ఎలా ఉంటారో పట్నం పిల్లలకు మొదట చెప్పేది అదే. మన పిల్లలకు మన గురించి చెప్పేదీ చాలాసార్లు అదే. అందుకే ఆదివాసుల కథలతో డిస్నీ కంపెనీ తీసిన సినిమాలను సినిమాలుగానే కాక, ఇచ్చిపుచ్చుకోవడాల లెక్కగా కూడా చూడాలని మేము అంటున్నాం.

1995లో 'పొకహాంటస్' వచ్చింది. అందులో ఆమె నిండు యువతి. తెల్లవాడైన జాన్ స్మిత్‌ను ప్రేమిస్తుంది. చరిత్రలోని పిల్ల వేరు. ఆమె అసలు పేరు మతోకా. 1607లో ఇంగ్లీషువాళ్లు జేమ్స్‌టౌన్‌లో దిగేనాటికి ఆమెకు పది పదకొండేళ్లు. 1613లో వాళ్లు ఆమెను ఎత్తుకుపోయి బందీని చేశారు. మతం మార్చి రెబెకా అని పేరు పెట్టారు. 1614లో జాన్ రాల్ఫ్ అనే పొగాకు రైతుతో పెళ్లయింది. 1617లో ఇంగ్లండులో, సుమారు ఇరవై ఒక్క ఏళ్లకే చనిపోయింది. ఈ దుఃఖమంతా సినిమాలో లేదు. నేల కోసం జరిగిన దాడి, రెండు వైపులా ఉన్న అపార్థంగా మారిపోయింది. ఆ సినిమా పాటకు ఆస్కార్ వచ్చింది, పాట నిజంగానే బాగుంటుంది. మన అభ్యంతరం అందం మీద కాదు. అంత అందంగా చెప్పిన అబద్ధాన్ని పిల్లల మనసులోంచి తీయడం టీచర్లకు ఎంత కష్టమో ఆలోచించండి.

రెండోది డబ్బు లెక్క. దక్షిణాఫ్రికా జులు గాయకుడు సోలమన్ లిండా 1939లో 'ఎంబూబె' అనే పాట రికార్డు చేశాడు. దాని హక్కులకు ఆయన చేతికొచ్చింది పది షిల్లింగులు. 1962లో పేదరికంలోనే పోయాడు. ఆ బాణీ చేతులు మారి, మాటలు మారి, 1994లో 'లయన్ కింగ్'లోకి వచ్చింది. ఆయన కుటుంబం కోర్టుకెళ్లి పోరాడితే 2006లో రాజీ కుదిరింది. అదే సినిమాలోని 'హకునా మటాటా' తూర్పు ఆఫ్రికా జనం నిత్యం వాడుకునే స్వాహిలి మాట. చొక్కాల అమ్మకం కోసం కంపెనీ దాన్ని అమెరికాలో తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంది. 2013లో మెక్సికో జనం చనిపోయినవాళ్లను తలచుకునే పండుగ పేరు మీద కూడా ట్రేడ్‌మార్కు కోరింది. జనం తిరగబడ్డాక వెనక్కి తగ్గింది.

2016 నాటి 'మొఆనా'కు పసిఫిక్ దీవుల పెద్దలను సంప్రదించారు. మరుసటి ఏడు మావోరి భాషలోనూ సినిమా విడుదలైంది. ఇవి మంచి పనులే. కానీ ఆ దీవులవాళ్లు పూర్వీకుడిగా కొలిచే మావి రూపాన్ని గోధుమరంగు చర్మం, పచ్చబొట్లు ఉన్న తొడుగుగా చేసి, పిల్లల వేషానికి అమ్మకానికి పెట్టారు. నిరసన వచ్చాక తీసేశారు. కథ తీసేవాళ్లు అడిగారు, సరుకు అమ్మేవాళ్లు అడగలేదు.

ఉత్తర ఐరోపాలో దుప్పుల మందలు కాసే సామీ ప్రజలది కాస్త వేరే అనుభవం. 2013 నాటి 'ఫ్రోజెన్'లో వాళ్ల పాటల ధోరణి, వేషధారణ కనిపించాయి. రెండో భాగం తీసేటప్పుడు సామీ పార్లమెంట్లు, సామీ కౌన్సిల్ కంపెనీతో 2019లో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నాయి. సామీ సలహాదారుల బృందం ఏర్పడింది. సినిమా ఉత్తర సామీ భాషలోనూ వచ్చింది. ఇది కంపెనీ దయ వల్ల జరగలేదు. మాట్లాడటానికి సామీలకు సొంత సంస్థలు ఉన్నాయి కాబట్టి జరిగింది.

"కథలు అందరివీ, అడగడమెందుకు?" అని కొందరు అంటారు. మన ఆదిలాబాద్‌లో గోండుల పురాణాలు చెప్పేది ప్రధాన్లు. కింగ్రి వాయిస్తూ తరతరాలుగా పాడుతున్నారు. పాడించుకున్న ఇల్లు వాళ్లకు ధాన్యమో పశువో ఇస్తుంది. చెప్పేవాడెవరో, వినేవాడెవరో, ఎవరికి ఏం దక్కాలో అక్కడ తెలుసు. కథ తిరుగుతుంది, బంధం కూడా దానితోపాటు తిరుగుతుంది. కంపెనీ చేతిలో తిరిగేది కథ ఒక్కటే.

రేపు గుస్సాడీల నెమలీకల తలపాగా ప్లాస్టిక్ బొమ్మగా బజారుకొస్తే? దండారిలో నియమాలు పాటించి ధరించేది అది. అప్పుడు మన తరఫున ఎవరు మాట్లాడతారు? ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. తెలుగు సినిమాల్లో 'ఆటవికుల' పాటలు, బడి వార్షికోత్సవాల్లో ఆకులు కట్టి మొహానికి రంగు పూసే 'ట్రైబల్ డ్యాన్సు'లు డిస్నీ చేసినవి కావు. కంపెనీని అడిగే ప్రశ్న ఇక్కడా అడగాలి.

సినిమాలు చూడొద్దని పిల్లలకు చెప్పడం మా ఉద్దేశం కాదు. చూపించండి. తర్వాత నాలుగు ప్రశ్నలు వేయండి: ఈ కథ ఎవరిది? వాళ్లను అడిగారా? డబ్బు ఎవరికి చేరింది? వాళ్ల భాషలో వాళ్ల పిల్లలకు తిరిగి అందిందా? ఎనిమిదో తరగతి పిల్లలు ఈ ప్రశ్నలకు జవాబులు వెతకగలరు.

యువతకు మరో పని ఉంది. కోయ, కువి, సవర, కొలామీ భాషల్లో కథ చెప్పే అవ్వాతాతలు మన గూడేల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి. చెప్పిన మనిషి పేరు, గూడెం పేరు, తేదీ రాసి ఉంచండి. బయటికి చెప్పకూడని కథ అంటే ఆపేయండి. ఆ రికార్డును మొదట ఆ గూడెం పిల్లలకే వినిపించండి.