పొడిచేవాళ్లు, విప్పేవాళ్లు

ఒకామె పూలసజ్జ పట్టుకుని బయల్దేరింది. దారిలో మూడు గుళ్లు, ఒక్కో గుడి ముందు ఒక్కో కోనేరు. ఆ కోనేళ్ల మహిమేమిటంటే, ముంచిన పూలు ముంచినట్టే రెట్టింపవుతాయి. ఆమె ప్రతి కోనేట్లోనూ పూలు ముంచింది, మూడు గుళ్లలోనూ సమానంగా పెట్టింది. మూడో గుళ్లోంచి బయటికొచ్చేసరికి సజ్జలో ఒక్క పువ్వూ లేదు. ఇంటి దగ్గర ఎన్ని పూలతో బయల్దేరింది? ఒక్కో గుళ్లో ఎన్ని పెట్టింది?

అరుగుల మీద, కరెంటు పోయిన రాత్రుళ్లు డాబాల మీద, హాస్టల్ గదుల్లో, రైలు ప్రయాణాల్లో ఈ లెక్క ఎందరి నోళ్లలోనో నలిగింది. దీనికి కాగితం అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. అడిగేవాళ్లు ఒకరు, తల గోక్కునేవాళ్లు నలుగురు ఉంటే చాలు. పొడుపుకథకూ దీనికీ ఒక తేడా ఉంది. పొడుపుకథ విప్పాలంటే పోలిక తట్టాలి, తట్టకపోతే చేసేదేమీ లేదు. చిక్కులెక్క అలా కాదు. తట్టకపోయినా పట్టుదలగా ఒక్కో అడుగూ వేసుకుంటూ పోతే దారి దొరుకుతుంది. అందుకే కూడబలుక్కుని ఆలోచించడానికి పొడుపుకథకన్నా ఇదే అనువైనది.

పూల లెక్కను మొదటిసారి విన్నవాళ్లు సాధారణంగా ముందు నుంచి మొదలుపెడతారు. నేల మీద చింతగింజలు పరిచి, మూడు పూలు అనుకుందాం, కాదు నాలుగు, కాదు అయిదు అంటూ పేర్చి చెరిపేస్తుంటారు. కాసేపటికి ఎవరో ఒకరు అంటారు: ‘చివర్లో ఏమీ మిగల్లేదుగా, అక్కణ్ణుంచి వెనక్కి వద్దాం’ అని. కిటుకంతా ఆ మాటలోనే ఉంది. గుళ్లో పెట్టిన పూలు ఒక దోసెడు అనుకుంటే, మూడో గుళ్లోకి వెళ్లేముందు సజ్జలో ఉన్నది సరిగ్గా దోసెడు. కోనేట్లో ముంచకముందు అది అరదోసెడు. అంతకుముందు రెండో గుళ్లో ఒక దోసెడు పెట్టింది కనుక అప్పటికి ఒకటిన్నర, ముంచకముందు ముప్పావు. మొదటి గుళ్లో పెట్టిన దోసెడు కలిపితే ఒకటీ ముప్పావు, దానిలో సగం ఎనిమిదింట ఏడు వంతులు. అంటే దోసెడుకు 8 పూలైతే ఆమె తెచ్చినవి 7. ముందుకు లెక్కేసినా సరిపోతుంది: 7 రెట్టింపై 14, అందులో 8 పోతే 6, అది 12, అందులో 8 పోతే 4, అది 8, ఆ ఎనిమిదీ మూడో గుళ్లోకి.

ఇలా చివరి నుంచి మొదటికి నడవడం కొత్త పద్ధతేమీ కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఆర్యభటుడు దీన్ని సూత్రంగా చెప్పాడు: వెనక్కి వచ్చేటప్పుడు గుణకారం భాగహారమవుతుంది, కూడిక తీసివేత అవుతుంది. చింతగింజలతో పిల్లలు కనిపెట్టేదీ అదే.

గుంపులో చురుకైనవాళ్లుంటే లెక్క అక్కడితో ఆగదు. ‘14 పూలు తెచ్చి 16 చొప్పున పెట్టినా సరిపోతుందిగా!’ అంటారు. నిజమే, సరిపోతుంది. మరోసారి ఈ లెక్క అడిగేటప్పుడు ‘తక్కువలో తక్కువ ఎన్ని?’ అన్న మాట చేరుతుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడ విన్నవాళ్లే మేకు కొట్టి మరీ తర్వాతివాళ్లకు అందిస్తారు. ఇలాంటి లెక్కలు అంత పకడ్బందీగా ఉండటానికి కారణం ఈ నోటి మరమ్మతేనని నమ్మాలి.

పిట్టల లెక్క ఇంకో తరహా. చెట్టు మీది పిట్ట ఎగిరిపోతున్న గుంపును చూసి ‘వందమందీ ఎక్కడికి?’ అని పలకరించింది. ‘మేం వందమందిమి కాము. మేమూ, ఇంకో మా అంతమందీ, మాలో సగమూ, ఆ సగంలో సగమూ, నువ్వూ కలిస్తేనే వంద’ అని బదులొచ్చింది. ఇక్కడ వెనక్కి నడిస్తే పని జరగదు. సగంలో సగం అన్నారు కనుక గుంపు నాలుగైతే పిట్టను కోయక్కర్లేదు. నాలుగే అనుకుంటే 4, 4, 2, 1 కలిపి 11. పలకరించిన పిట్టను పక్కన పెడితే కావలసింది 99, అంటే తొమ్మిది పదకొండ్లు. కనుక గుంపులో ఉన్నవి తొమ్మిది నాలుగులు, 36. తోచిన సంఖ్య అనుకుని తర్వాత సరిచేసుకునే ఈ పద్ధతికి భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో ఇష్టకర్మ అన్నాడు. తుమ్మెదల గుంపులు, తామరపూలు, తెగిన ముత్యాల హారాలు ఆనాటి గణిత గ్రంథాల నిండా ఉన్నాయి. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను నోటికి వచ్చేలా చెప్పాలన్న తపన మన భాషలో అంత పాతది.

పులిని, మేకను, గడ్డిమోపును ఏరు దాటించే లెక్క అందరికీ తెలిసిందే: పడవలో ఒకసారికి ఒక్కటే పడుతుంది, మనిషి దగ్గర లేకపోతే పులి మేకను, మేక గడ్డిని తినేస్తాయి. ఐరోపాలో ఆల్క్విన్ అనే పండితుడి పేరు మీదున్న పాత లాటిన్ సంకలనంలో పులికి బదులు తోడేలు, గడ్డికి బదులు క్యాబేజీ ఉన్నాయి. మొత్తం ఏడుసార్లు పడవ నడపాలి. జనం తడబడేది ఒక్కచోటే: అవతలి ఒడ్డుకు చేర్చిన మేకను మళ్లీ వెనక్కి తేవాలి. చేసిన పనిని చెడగొట్టుకోవడానికి మనసొప్పదు. ఆ ఒక్క మెలిక కోసమే ఈ లెక్క ఇన్ని దేశాల్లో నిలబడిందనిపిస్తుంది.

ఇక అడిగేవారి పనితనం. బాగా పొడిచేవాడు మాటలు లెక్కపెట్టి వాడతాడు, ఒక్క షరతూ మరచిపోడు, అబద్ధం ఆడడు. అన్నిటికన్నా ముఖ్యం, జవాబు నోట్లో ఆపుకోగలడు. ఒకరికి ముందే తట్టినా పైకి అనకుండా అతని చెవిలో చెప్పడం, మిగతావాళ్లను ఆలోచించుకోనివ్వడం పాత మర్యాద. ఇవాళ ఫోన్‌లోని గ్రూపుల్లో లెక్క పెట్టిన నిమిషానికే ఎవరో ఒకరు జవాబు పడేస్తున్నారు. మిగతావాళ్ల సాయంత్రమంతా దాంతో పోయినట్టే. ‘జవాబు నాకు విడిగా పంపండి’ అన్న ఒక్క మాట జోడిస్తే ఆ పాత మర్యాద ఫోన్‌లోనూ బతుకుతుంది.

ఈసారి నలుగురు కలిసినప్పుడు పూల లెక్కే అడగండి, కాకపోతే గుళ్లు మూడు కాదు, నాలుగు అనండి. జవాబు మీరు ముందే కట్టుకుని ఉంచుకోండి. వాళ్లు ఎంత బతిమాలినా ఆ రాత్రికి మాత్రం చెప్పకండి.