వెదురు తుపాకి: కథలలోని ఆయుధబలమునకు తగిన చిత్రమేది?

కథలలో ఆయుధమునకు ఒకే బలముండదు. ఒక బాణము మహాసేనానిని కూల్చును. అట్టి బాణములు నూరు నాటినను మరియొక వీరుడు చలింపక ప్రసంగించును. తుపాకిగుండు పేరులేని భటుని తత్క్షణమే నేలగూల్చును. కథానాయకుని భుజమును మాత్రము రాసికొని పోవును. ఈ వైషమ్యమును గూర్చి వ్రాయు విమర్శకుడు వ్యాసము ప్రక్కన ఒక చిత్రమును ప్రచురింపదలచినచో దేనిని ఎన్నుకొనవలెను? ప్రశ్న అల్పముగా తోచవచ్చును. కాని చిత్రము వాదమునకు సాక్షి వంటిది. పాఠకుడు వ్యాసమును మరచినను చిత్రమును మరువడు. తగని సాక్షిని తెచ్చినచో వాదము చెడుటయేగాక, నిరపరాధి యగు కవిపై నింద పడును.

తెలుగువారి మనస్సునకు మొదట తట్టునది భీష్ముని అంపశయ్య. యుద్ధమున పదవనాడు ఒరిగిన పితామహుడు, దేహమందు బాణములకు సందు లేకున్నను, ఉత్తరాయణము వచ్చువరకు ప్రాణములు నిలుపుకొని ధర్మరాజునకు ధర్మములు బోధించెను. అదే రణభూమిలో పదునాలుగవనాడు అర్జునుని ఒక్క శరము సైంధవుని తల ఎగురగొట్టెను. రెండింటిని చేర్చి చూచిన వైషమ్యము స్పష్టమే. అయినను అంపశయ్య ఈ పనికి తగదు. శంతనుడు కుమారునకిచ్చిన స్వచ్ఛందమరణ వరము చిత్రమున కనుపింపదు. వరమును విడిచి బాణములను మాత్రమే చూపిన చిత్రము, కవి లెక్క తప్పినాడని అబద్ధపు సాక్ష్యము చెప్పును.

ఇతిహాసకవి లెక్క తప్పలేదు. ఆయుధము విఫలమైన ప్రతిచోటను అతడు కారణమును ముందుగనే నాటియుంచెను. భగదత్తుడు విసరిన వైష్ణవాస్త్రము శ్రీకృష్ణుని వక్షమున వైజయంతీమాల యయ్యెను. ఆ అస్త్రము మూలమున విష్ణుదత్తమే యని ద్రోణపర్వము తెలుపుచున్నది. అట్టి కృష్ణుడే తుదకు జరుడను వ్యాధుని ఒక్క బాణమునకు అవతారము చాలించెను. ఆ బాణపు మొన మునిశాపమున పుట్టిన ముసలపు శేషమని పురాణములు చెప్పుచున్నవి. పదునైదవ శతాబ్దమున ఒడియా భారతమును రచించిన సారళాదాసు ఆ వ్యాధుని జరాశబరునిగా చూపి, కథను జగన్నాథునితో ముడివేసెను. వరమో, శాపమో, ప్రతిజ్ఞయో లేక ఇతిహాసములో ఏ వీరుడును ఊరకే బ్రతుకడు, ఊరకే చావడు. ఆయుధబలము మారుట దోషము గాదు. కారణము చెప్పక మార్చుటయే దోషము.

ఈ దోషము నేటి చలనచిత్రములలో విరివిగా కలదు. అచ్చట నాయకుని కాపాడునది వరము గాదు, అతని పేరు. కావున గోడపత్రికలపై తుపాకి పట్టిన నాయకుని బొమ్మయే తగిన చిత్రమని కొందరందురు. అదియు చాలదు. ఆ బొమ్మ నాయకుని ప్రతాపమును చూపును గాని, అతని చుట్టు పడిన భటుల చావును చూపదు. వైషమ్యమునకు రెండు ప్రక్కలుండగా ఒక ప్రక్కనే చూపు చిత్రము సాక్ష్యము కాజాలదు.

రాయగడ మండలమున గుణుపురము దరి కొండలలో సవరలు ఇంటిగోడలపై వ్రాయు ఇడితాల్ చిత్రములను కూడ స్మరింపవచ్చును. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతమును గూర్చి వెలువరించిన గ్రంథమున ఈ చిత్రములకు ప్రముఖస్థానమిచ్చెను. విల్లు పట్టిన వేటగాడును, తుపాకి పట్టిన మనిషియు ఒకే గోడపై అందు కనుపింతురు. కాని ఇడితాల్ దేవతలకును పితరులకును కట్టిన ఇల్లు. దానిని పూజనుండి వేరుచేసి పరుల వాదమునకు వాడుకొనుట మర్యాద గాదు.

తగిన చిత్రము ఈ కనుమలలో జరిగిన ఒక కథలోనే కలదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు నేటి కొరాపుటు, రాయగడ ప్రాంతములు విశాఖపట్టణ మండలములోనివే. కొరాపుటునుండి తూర్పునకు కనుమ దిగిన సాలూరు వచ్చును. ఆ సాలూరు ప్రాంతమున కొర్రవానివలసలో 1900లో కొర్ర మల్లయ్య యను నతడు తనకు దైవావేశము కలిగినదని చెప్పగా నాలుగైదు వేల జనము చేరిరి. 1907 నాటి విశాఖపట్టణ మండల గెజెటీరు ఈ వృత్తాంతమును నమోదు చేసినది. మల్లయ్య తాను పంచపాండవులలో ఒకని అవతారమనియు, తన పసిబిడ్డ శ్రీకృష్ణుడనియు, ఇంగ్లీషువారిని వెడలగొట్టి రాజ్యమేలుదుననియు ప్రకటించెను. అనుచరుల చేతి వెదుళ్లు మంత్రబలమున తుపాకులగుననియు, అధికారుల ఆయుధములు నీరగుననియు వాగ్దానము చేసెను. జనులు వెదుళ్లు నరికి తుపాకుల ఆకారమున చెక్కుకొని కవాతు చేసిరి.

మే 1వ తేదీన అచ్చటి సంగతి చూడవచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను ఆ జనము కొట్టి చంపెను. విశాఖపట్టణము, పార్వతీపురము, జయపురములనుండి రిజర్వు పోలీసులను రప్పించి, మే 7వ తేదీ తెల్లవారుజామున జిల్లా మెజిస్ట్రేటు ఆ శిబిరముపై పడెను. జనము ఎదిరించగా పోలీసులు కాల్చిరి. పదునొకండుగురు మరణించిరి. గుండ్లు నీరు కాలేదు. వెదుళ్లు తుపాకులు కాలేదు. మల్లయ్య చెరసాలలో మరణించెను. హత్యానేరముపై అతనితోపాటు విచారింపబడిన ఇద్దరిని ఉరితీసిరి. కృష్ణుడనబడిన ఆ బిడ్డయు చనిపోయెను.

ఆ వెదురు తుపాకియే ఈ విషయమునకు తగిన చిత్రము. కథాబలమును, లోకబలమును ఆ ఒక్క వస్తువునందే గోచరించును. పాండవుల పేరు చెప్పి ఎత్తిన ఆయుధమది. వైష్ణవాస్త్రము పూదండ యగు లోకమునుండి దిగివచ్చి, సీసపుగుండు సీసపుగుండుగనే ఉండు లోకమున నిలిచినది. కథలోని ఆయుధబలమును గూర్చిన చర్చ విద్వాంసుల వినోదమని తలచువారికి ఇది సమాధానము. అచ్చట పదునొకండు ప్రాణములు ఆ తేడాలోనే పోయినవి.

ఒక ఆక్షేపణ రావచ్చును: ఈ చిత్రము కొండవారిని మూఢులుగా చూపదా? ఆ భయము న్యాయమైనదే. వృత్తాంతము వ్రాసినది కాల్చిన ప్రభుత్వము. చనిపోయినవారి మాట ఆ పుటలలో లేదు. పైగా ఈ ప్రాంతపు కొండదొరలు తాము పాండవ వంశీయులమని చెప్పుకొనుట కలదు. వారికి భారతము కల్పితకథ గాదు, తమ పూర్వుల చరిత్ర. పూర్వులకు దైవము తోడుపడినచో తమకేల తోడుపడదని తలచుట తర్కమునకు దూరము గాదు. దుర్భరమైన పాలనక్రింద చేతిలో వెదురు తప్ప మరేమియు లేనివాడు దాని నుండియే ఆశను చెక్కుకొనును. కావున చిత్రమున మనిషి ముఖముండరాదు. నేలపై పడియున్న వెదురు తుపాకి ఒక్కటి చాలును. క్రింద 1900 మే 7 అను తేదీయు, మృతుల సంఖ్యయు ఉండవలెను. అవి లేనిచో పాఠకుడు నవ్వి పుట త్రిప్పును, ఉన్నచో ఆగును.

ఈ పీఠభూమికి పొరుగున జగదల్పూరులో రథయాత్రనాడు జరుపు గోంచా పండుగలో జనులు నేటికిని తుప్కీ యను వెదురుగొట్టముతో అడవికాయలను ప్రేల్చి జగన్నాథునకు వందనము చేయుచున్నారు. అచ్చట వెదురు తుపాకి ఎవరిని చంపదు. చంపునని ఎవరును అనుకొనరు. ఆయుధము పూజయని అందరికిని ముందే తెలియును. భారతకవియు తన శ్రోతకు అట్లే ముందు తెలిపెను. కొర్రవానివలసలో మాత్రము, ఆ ఉదయము తుపాకులు ప్రేలువరకు, ఏది కథయో ఏది గుండో తెలియజెప్పువారు లేకపోయిరి.